వెనకబడ్డాక ఎలా ఆడాలి: వర్జీనియా 2018–19 సీజన్ కేస్ స్టడీ

2018 మార్చి 16న షార్లెట్‌లో వర్జీనియా యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు యూఎంబీసీ (మేరీల్యాండ్ యూనివర్సిటీ, బాల్టిమోర్ కౌంటీ) చేతిలో 74–54తో ఓడిపోయింది. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) పురుషుల టోర్నీలో అప్పటిదాకా ఒకటో సీడ్ (టోర్నీ ర్యాంకుల్లో అగ్ర) జట్లు పదహారో సీడ్ (అట్టడుగు) జట్లతో 135 సార్లు ఆడి 135 సార్లూ గెలిచాయి. ఆ వరుస తెగింది వర్జీనియా దగ్గరే. ఏడాది తిరిగాక, 2019 ఏప్రిల్ 8న మినియాపోలిస్‌లో అదే కోచ్ టోనీ బెన్నెట్, చాలావరకు అదే ఆటగాళ్లతో టెక్సస్ టెక్‌ను ఓవర్‌టైమ్‌లో 85–77తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచాడు. సీజన్ మొత్తం మీద 35 గెలుపులు, 3 ఓటములు.

దీన్ని పట్టుదల కథగా చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. జట్టును నడిపేవాళ్లకు పట్టుదల కథతో పెద్దగా పని జరగదు. ఏం మార్చారు, దేన్ని ముట్టుకోలేదు, ఆ మార్పు ఏ నిమిషంలో పనికొచ్చింది అన్నవే మనకు కావాలి. కాలేజీ జట్లకు కోచింగ్ ఇచ్చేవాళ్లు, పీడీలు ఈ సీజన్‌ను ఆ కోణంలో చూస్తే చాలా దొరుకుతుంది.

ముందు ఓటమి లెక్క

యూఎంబీసీ మ్యాచ్‌లో హాఫ్ టైమ్ స్కోరు 21–21. అంటే మొదటి 20 నిమిషాలు వర్జీనియా తనకు నచ్చిన ఆటే ఆడింది, కాకపోతే పాయింట్లు రాలేదు. రెండో హాఫ్‌లో యూఎంబీసీ 53 పాయింట్లు కొట్టింది. ఆ ఏడాది దేశంలోనే అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ మీద, ఒక్క హాఫ్‌లో 53.

త్రీ పాయింటర్ల (దూరపు గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) లెక్క చూస్తే చాలావరకు విషయం బోధపడుతుంది. యూఎంబీసీ 24 త్రీలు వేసి 12 కొట్టింది, 36 పాయింట్లు. వర్జీనియా 22 వేసి 4 కొట్టింది, 12 పాయింట్లు. తేడా 24. మ్యాచ్‌లో ఓడింది 20 పాయింట్లతో. కాబట్టి మిగతా ఆటంతా కలిపి చూస్తే వర్జీనియాదే కాస్త పైచేయి. ఇందులో అదృష్టం పాలు ఉంది. కానీ కోచ్ అక్కడితో ఆగితే మళ్లీ అదే గుంటలో పడతాడు.

అసలు లోపం హాఫ్ టైమ్ తర్వాత కనబడింది. యూఎంబీసీ గార్డ్ జైరస్ లైల్స్ (మ్యాచ్‌లో 28 పాయింట్లు) డ్రైవ్ చేసి (బంతితో రింగ్ వైపు దూసుకెళ్లి) పెయింట్‌లోకి (రింగ్ ముందరి చోటు) దూరడం, హెల్ప్ (ఆపడానికి వచ్చే రెండో డిఫెండర్) రాగానే బయటికి పాస్, త్రీ. ఆధిక్యం రెండంకెలకు చేరాక వర్జీనియాకు త్వరగా పాయింట్లు తెచ్చే దారి లేకపోయింది. వాళ్ల దాడి స్క్రీన్ల (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడే సహచరుల) చుట్టూ ఓపికగా తిరిగి, గడియారం సగం తినేశాక షాట్ వెతుక్కునే రకం. ఆధిక్యంలో ఉన్నప్పుడు అది బ్రహ్మాండం. 12 పాయింట్లు వెనకబడితే అదే ఉరి. దానికి తోడు డియాండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆడలేదు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, ఐదు స్థానాల్లో ఎవరినైనా కాపు కాయగలడు, ఒంటరిగా ఒకడి మీద పాయింటు తేగలడు. జట్టులో అలాంటివాడు అతనొక్కడే.

ముట్టుకోనిది: ప్యాక్ లైన్

ఇంత దెబ్బ తగిలాక డిఫెన్స్ మార్చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. బెన్నెట్ దాన్ని కదపలేదు. ప్యాక్ లైన్ అతని తండ్రి డిక్ బెన్నెట్ తీర్చిదిద్దిన పద్ధతి. డిక్ దానితో 2000లో విస్కాన్సిన్‌ను ఫైనల్ ఫోర్‌కు (ఎన్‌సీఏఏ టోర్నీ సెమీస్‌కు) తీసుకెళ్లాడు. కొడుకు 2009లో వర్జీనియాకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నదీ అదే.

పద్ధతి ఇది. రింగ్ నుంచి సుమారు 16 అడుగుల దూరంలో ఒక ఊహా గీత. బంతి ఉన్న మనిషిని కాసేవాడు గీత బయటికి వెళ్లి గట్టిగా ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ గీత లోపలే. మామూలు మ్యాన్ టు మ్యాన్‌లో పక్క పాస్‌ను అడ్డుకోడానికి చెయ్యి చాచి నిలబడతారు. ఇక్కడ ఆ పాస్‌ను వదిలేస్తారు. బంతికీ తమ మనిషికీ మధ్య ఖాళీలో, అంటే గ్యాప్‌లో నిలబడి డ్రైవ్‌కు దారి మూసేస్తారు.

వివరాల్లోకి వెళ్తే నాలుగు సంగతులు తప్పనిసరి.

బంతి గాలిలో ఉండగానే ఐదుగురూ కదలాలి. పాస్ చేతిలో పడ్డాక కదిలితే ఆలస్యమే. ప్యాక్ లైన్ చెడిపోయే జట్లలో నూటికి తొంభై మొదట చెడేది ఇక్కడే. పైనుంచి తీసిన వీడియో ఉంటే, బంతి చెయ్యి వదిలిన క్షణంలో ఆపి చూడండి, ఎవరి పాదాలు నేలకు అంటుకుని ఉన్నాయో ఇట్టే దొరికిపోతారు.

క్లోజౌట్ (బంతి అందుకున్న షూటర్ మీదికి పరుగెత్తి వెళ్లడం) రెండు ముక్కలు. మొదటి మూడింట రెండు వంతుల దూరం పూర్తి పరుగు, ఆఖరి భాగం చిన్న చిన్న అడుగులు, నడుం కిందికి, ఒక చెయ్యి పైకి. పరుగులోనే మీదికి వెళ్తే షూటర్ ఒక్క ఫేక్‌తో దాటేస్తాడు. నెమ్మదిగా వెళ్తే త్రీ వేసేస్తాడు.

బేస్‌లైన్ ఇవ్వకూడదు. హెల్ప్ ఉన్నదంతా గ్యాపుల్లో, లోపలి వైపు. బేస్‌లైన్ వైపు దాటితే కాచేవాడు ఉండడు.

పోస్ట్‌లో (రింగ్ దగ్గరి చోటులో) బంతి పడగానే రెండో పెద్ద ఆటగాడు వచ్చి ఇద్దరూ కలిసి మూసేస్తారు. బాల్ స్క్రీన్ (బంతి ఉన్నవాడి కోసం పెట్టే స్క్రీన్) దగ్గర పెద్ద ఆటగాడు బయటికి గట్టిగా హెడ్జ్ చేసి (బంతి ఉన్నవాడికి అడ్డంగా దూకి), గార్డ్ తిరిగి తన మనిషిని అందుకునేదాకా ఆపి, వెనక్కి పరుగెత్తుతాడు. వినడానికి తేలిక. ఏడడుగుల మనిషి చేత ఈ ముందుకీ వెనక్కీ పరుగు సీజన్ పొడుగునా చేయించడమే కష్టం. ఏడడుగుల ఒక అంగుళం పొడవుండి, త్రీ వేయగల జే హఫ్‌కు ఆ ఏడాది ఎక్కువ నిమిషాలు దొరక్కపోవడానికి డిఫెన్స్‌లో ఈ పనే కారణమని నా అంచనా.

షాట్ వేశాక ఆఫెన్సివ్ రీబౌండ్ (తప్పిన తమ షాట్‌ను తామే అందుకోవడం) కోసం ఎగబడకుండా ఎక్కువమంది వెనక్కి వచ్చేయడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఎదుటి జట్టు పరుగెత్తి లేఅప్ వేసుకుంటే, గీత కట్టుకుని ప్రయోజనం లేదు కదా.

దీని ధర కూడా ముందే తెలుసుకోవాలి. దూరపు మూలకు వేసే స్కిప్ పాస్, డబుల్ చేసిన పోస్ట్ నుంచి బయటికి వచ్చే పాస్, ఈ రెండు చోట్లా త్రీ తెరుచుకుంటుంది. ఎదుటివాడికి మంచి షూటింగ్ రోజు వస్తే నష్టపోవడం ఖాయం. ఆ రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం. యూఎంబీసీకి అది 2018 మార్చి 16.

నెమ్మది ఆటకు ఉన్న మెలిక

2018–19లో కాలేజీ ఆటలో పై శ్రేణి అయిన డివిజన్ 1లోని 353 జట్లలో అందరికంటే నెమ్మదిగా ఆడింది వర్జీనియా. మ్యాచ్‌కు ఒక్కో జట్టుకు దాదాపు 60 పొసెషన్లు (బంతి చేతికొచ్చే విడతలు). బలమైన జట్టు నెమ్మదిగా ఆడటం మీద ఒక పాత విమర్శ ఉంది. అది న్యాయమైనదే, లెక్క వేసి చూద్దాం.

ఎదుటి జట్టు కంటే మీరు ఒక్కో పొసెషన్‌కు 0.2 పాయింట్లు మెరుగనుకోండి. 60 పొసెషన్లలో మీ సగటు ఆధిక్యం 12. 75 పొసెషన్లయితే 15. ఆధిక్యం పాతిక శాతం పెరిగింది. మరి అదృష్టం వల్ల స్కోరు అటూ ఇటూ ఊగే మోతాదు? అది వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి 12 శాతమే. అంటే పొసెషన్లు పెరిగేకొద్దీ బలమైనవాడికే లాభం. నెమ్మదిగా ఆడే బలమైన జట్టు చిన్న జట్టుకు తలుపు కాస్త తెరిచి పెడుతున్నట్టే.

అయినా బెన్నెట్ వేగం పెంచలేదు. అతని వైపునుంచి చూస్తే కారణం ఉంది: ఐదుగురూ వెనక్కి వచ్చి గీత కట్టుకునే డిఫెన్స్‌కూ, తొందరపడని దాడికీ ముడి ఉంది. ఒకటి విప్పితే రెండోది ఊడుతుంది. నెమ్మది ఆట ఉంటే దగ్గర స్కోరు మ్యాచ్‌లు వస్తాయి, వాటిలో ఆఖరి రెండు నిమిషాలు మిగతా 38 నిమిషాలంత ముఖ్యమవుతాయి. ఈ పద్ధతి ఎంచుకున్న కోచ్ ఆ రెండు నిమిషాలను కూడా పద్ధతిలో భాగంగానే తయారు చేసుకోవాలి. 2019 మార్చి చివరి వారం నుంచి వర్జీనియా ఆడిన మ్యాచ్‌లు చూస్తే ఇది అర్థమవుతుంది.

మార్చినది: దాడి

పాత దాడి పేరు మూవర్–బ్లాకర్. ఇద్దరు పెద్ద ఆటగాళ్లు బ్లాకర్లుగా స్క్రీన్లు పెడుతూ ఉంటారు, మిగతా ముగ్గురు మూవర్లు ఆ స్క్రీన్ల చుట్టూ తిరిగి షాట్ వెతుక్కుంటారు. కైల్ గై లాంటి షూటర్‌కు ఇది వరం. లోపం ఏమిటంటే ఇద్దరు బ్లాకర్లూ షూటర్లు కాకపోతే పెయింట్ కిక్కిరిసిపోతుంది, బంతి పట్టుకున్నవాడు రింగ్ మీదికి పోయే దారి ఉండదు.

2018–19లో దీన్ని తీసేయలేదు. దాని పక్కన బాల్ స్క్రీన్ మీద నడిచే దాడిని పెట్టారు. ఒక వైపు స్క్రీన్, డ్రైవ్ కుదరకపోతే బంతి రెండో వైపుకు, అక్కడ మళ్లీ స్క్రీన్. ఇలా ఆగకుండా సాగుతుంది. దీనికి బంతిని పట్టుకుని నిర్ణయం తీసుకునే గార్డ్ కావాలి. టై జెరోమ్ ఆరడుగుల ఐదంగుళాల గార్డ్, హెడ్జ్ చేసే మనిషి తల మీదుగా పాస్ చూడగలడు. సీజన్‌లో అతని సగటు 13.6 పాయింట్లు, 5.5 అసిస్ట్‌లు. గై సగటు 15.4, హంటర్ 15.2. గై, హంటర్ ఇద్దరూ త్రీలలో 40 శాతం పైనే కొట్టారు, జెరోమ్ దాని దరిదాపుల్లో ఉన్నాడు. ముగ్గురు అలా వేస్తుంటే ఎదుటి జట్టుకు పెయింట్‌లో మనుషుల్ని కూడేయడం కుదరదు.

రెండో మార్పు మనుషుల్లో. డెవన్ హాల్, ఐజయా విల్కిన్స్ వెళ్లిపోయారు. విల్కిన్స్ 2018లో ఏసీసీ (వర్జీనియా ఆడే లీగ్) ఉత్తమ డిఫెండర్, చిన్న లోటు కాదది. అతని స్థానంలో మరో పెద్ద ఆటగాణ్ని దించే బదులు, అయిదడుగుల తొమ్మిదంగుళాల కొత్త కుర్రాడు కిహే క్లార్క్‌కు ఎక్కువ నిమిషాలు ఇచ్చారు. అంత పొట్టి మనిషిని ప్యాక్ లైన్ జట్టులో పెట్టడం వింతగా కనబడుతుంది. క్లార్క్ పని రెండే: ఎదుటి గార్డ్‌ను కోర్టు పొడవునా సతాయించి వాళ్ల దాడిని అయిదారు సెకన్లు ఆలస్యం చేయడం, బంతి తెచ్చే భారం జెరోమ్ మీద నుంచి తగ్గించడం. ఎన్‌సీఏఏలో షాట్ క్లాక్ (దాడి చేసే జట్టు షాట్ వేయాల్సిన గడువు) 30 సెకన్లు. అందులో ఆరు పోతే మిగిలేది 24. ప్యాక్ లైన్ 30 సెకన్లు నిలవాల్సింది 24 నిలిస్తే చాలు. అలబామా నుంచి వచ్చిన బ్రాక్స్‌టన్ కీ రీబౌండ్లకు అక్కరకొచ్చాడు.

ఫలితం: సగటున 71 పాయింట్లు వేసి, 56 ఇచ్చారు. వేసినవి తక్కువగా కనబడతాయి. పొసెషన్ల ప్రకారం భాగిస్తే దేశంలో అగ్రశ్రేణి దాడుల్లో ఒకటి అది.

మూడు ఓటములు

సీజన్‌లో ఓడింది డ్యూక్‌తో రెండుసార్లు, ఏసీసీ టోర్నీ సెమీస్‌లో ఫ్లోరిడా స్టేట్‌తో (69–59) ఒకసారి. డ్యూక్ ఓటములు రెండూ పాఠాలే, ఎందుకంటే రెండింటి కారణాలు తలకిందులు. జనవరిలో డర్హమ్‌లో 72–70: వర్జీనియా 17 త్రీలలో 3 కొట్టింది. ఆర్‌జే బారెట్ 30, జయాన్ విలియమ్సన్ 27 వేశారు, ఎక్కువగా లోపలికి దూసుకొచ్చే వేశారు. ఫిబ్రవరిలో షార్లెట్స్‌విల్‌లో 81–71: ఈసారి లోపల మూస్తే డ్యూక్ బయటినుంచి 21 త్రీలలో 13 కొట్టింది. ఆ ఏడాది డ్యూక్ త్రీలలో బలహీనమైన జట్టు. వాళ్లను బయటినుంచి వేయించడం సరైన నిర్ణయమే, ఫలితమే ఎదురు తిరిగింది. నిర్ణయాన్నీ ఫలితాన్నీ విడదీసి చూసే అలవాటు కోచింగ్‌లో చాలా అరుదు. రెండు రోజులకే చాపెల్ హిల్‌లో నార్త్ కరొలైనాను అదే డిఫెన్స్‌తో 69–61తో ఓడించారు. లీగ్‌లో 16–2తో నార్త్ కరొలైనాతో కలిసి మొదటి స్థానం పంచుకున్నారు.

మార్చి, ఏప్రిల్

తొలి రౌండ్‌లో మళ్లీ ఒకటో సీడ్, మళ్లీ పదహారో సీడ్. గార్డ్నర్–వెబ్ మొదటి హాఫ్‌లో 14 పాయింట్ల ఆధిక్యానికి వెళ్లింది, హాఫ్ టైమ్‌కు 36–30. ఆఖరి స్కోరు వర్జీనియా 71–56. రెండో హాఫ్‌లో ఇచ్చింది 20 పాయింట్లు. మనుషుల్లో ఒక మార్పు ఇక్కడ మొదలైంది: స్క్రీన్లు గట్టిగా పెట్టే, షాట్ లేని జాక్ సాల్ట్ నిమిషాలు తగ్గి, చురుగ్గా ఎగిరే మమాది డియాకిటే నిమిషాలు పెరిగాయి. డియాకిటే ఆ మ్యాచ్‌లో 17 పాయింట్లు, 9 రీబౌండ్లు. సీజన్ పొడుగునా నమ్ముకున్న లైనప్‌ను మార్చిలో సడలించడం కోచ్‌లకు అంత తేలిగ్గా చేతకాదు.

ఓక్లహోమా మీద (63–51) గై 10 త్రీలు వేసి ఒక్కటీ కొట్టలేదు. ఓరిగన్ మీద 53–49. తర్వాతి మూడు మ్యాచ్‌లలోనూ రెండో హాఫ్ ఆఖరి 22 సెకన్లలోకి వర్జీనియా వెనకబడే అడుగుపెట్టింది, మూడూ గెలిచింది.

పర్డ్యూ, ఎలైట్ 8 (క్వార్టర్ ఫైనల్). కార్సన్ ఎడ్వర్డ్స్ 10 త్రీలతో 42 పాయింట్లు వేశాడు. గై ఈసారి చెయ్యి ఆపకుండా వేసి 25 పాయింట్లు కొట్టాడు. 5.9 సెకన్లుండగా 70–67, ఆధిక్యంలో ఉన్న పర్డ్యూ జెరోమ్‌ను ఫౌల్ చేసింది. త్రీతో సమం చేసే అవకాశం ఇవ్వకుండా ఫౌల్ చేయడం పుస్తకంలో ఉన్న సలహాయే. ఫౌల్‌కు ప్రతిగా దొరికిన ఫ్రీ త్రోలలో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) జెరోమ్ మొదటిది వేశాడు, రెండోది తప్పింది. డియాకిటే దాన్ని పట్టుకోవాలని చూడకుండా వెనక్కి తట్టాడు. బంతి సగం గీత దాటి వెళ్లింది. క్లార్క్ పరుగెత్తి అందుకుని, దగ్గర్లో బంతి అడుగుతున్న జెరోమ్‌ను కాదని సుమారు 40 అడుగుల పాస్ డియాకిటేకు వేశాడు. బజర్‌తో పాటే షాట్, 70–70. ఓవర్‌టైమ్‌లో 80–75.

ఇక్కడ నేర్పాల్సిన సంగతులు మూడున్నాయి. ఫ్రీ త్రో రీబౌండ్ చేతికి అందకపోతే ఖాళీ వైపుకు వెనక్కి తట్టాలి. ఆ బంతిని వెనక కోర్టులో అందుకోవచ్చు, తట్టడం బంతి మీద అదుపు కిందికి రాదు కాబట్టి బ్యాక్ కోర్ట్ వయొలేషన్ లేదు. చాలామంది ఆటగాళ్లకు ఇది తెలియక ఆగిపోతారు. ఇక పర్డ్యూ వైపునుంచి చూస్తే, మూడు పాయింట్ల ఆధిక్యంలో ఫౌల్ చేసే జట్టు ఫ్రీ త్రో బాక్సౌట్‌ను (రీబౌండ్ అందకుండా ఎదుటివాణ్ని వెనకే ఆపడం) కూడా అంతే సాధన చేసి ఉండాలి. సగం సలహా పాటిస్తే అసలు పాటించనట్టే.

ఆబర్న్, సెమీస్. ఇది వర్జీనియా చేజేతులా తెచ్చుకున్న ఇబ్బంది. అయిదు నిమిషాలకు పైగా ఉండగా 57–47తో ముందున్నారు. గడియారం కరిగించబోయి దాడి మొద్దుబారింది, ఆబర్న్ వరసగా 14 పాయింట్లు వేసింది. నెమ్మది జట్లకు ఈ రోగం ఎప్పుడూ ఉంటుంది: ఆధిక్యం రాగానే షాట్ వెతకడం మానేసి సమయం వెతకడం మొదలుపెడతారు. 7.4 సెకన్లుండగా గై మూల నుంచి త్రీ కొట్టాడు, 61–60. ఆబర్న్ రెండు ఫ్రీ త్రోలలో ఒకటే వేసింది, 62–60. జెరోమ్ బంతి తెస్తుండగా రిఫరీలు పిలవని డబుల్ డ్రిబుల్ (బంతిని నేలకు కొట్టడం ఆపి మళ్లీ కొట్టడం) ఒకటుంది. ఆబర్న్‌వాళ్లు దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు, అందులో తప్పులేదు. ఆ తర్వాత ఆబర్న్ తమ చేతిలో మిగిలిన, ఫ్రీ త్రోలు ఇవ్వనక్కర్లేని ఫౌల్ వాడింది, గడియారంలో 1.5 సెకన్లు. ఇన్‌బౌండ్ (గీత బయటినుంచి బంతి లోపలికి వేయడం) జెరోమ్ నుంచి మూలలో గైకి, గై షాట్‌కు లేచాడు, డిఫెండర్ అతని కింద ఖాళీ వదలకుండా మీదికి వచ్చాడు. 0.6 సెకన్లు, మూడు ఫ్రీ త్రోలు, మూడూ పడ్డాయి. 63–62. త్రీ వేసేవాడి మీదికి ఆఖరి క్షణంలో ఎగిరి వెళ్లడం కంటే ఒక అడుగు వెనకే చెయ్యెత్తి నిలబడటం మేలు.

టెక్సస్ టెక్, ఫైనల్. 22 సెకన్లుండగా టెక్ 68–65తో ముందుంది. పర్డ్యూలా ఫౌల్ చేయలేదు, మామూలుగా కాచింది. జెరోమ్ డ్రైవ్ చేశాడు, మూలలో హంటర్‌ను కాస్తున్నవాడు హెల్ప్‌కు లోపలికి అడుగేశాడు, పాస్ మూలకు, త్రీ. 12.9 సెకన్లు, 68–68. ప్యాక్ లైన్‌ను ఏ బలహీనత మీద కొడతారో, వర్జీనియా ఎదుటివాళ్లను సరిగ్గా అక్కడే కొట్టింది. ఫౌల్ చేయాలా, కాయాలా అన్న వాదనకు ఈ టోర్నీ తీర్పు చెప్పదు. ఒక జట్టు ఫౌల్ చేసి పోగొట్టుకుంది, ఒక జట్టు కాసి పోగొట్టుకుంది.

హంటర్ 27 పాయింట్లు వేశాడు, అయిదు త్రీలలో నాలుగు పడ్డాయి. అతనే కాసిన జారెట్ కల్వర్ 22 షాట్లలో 5 కొట్టాడు. ఓవర్‌టైమ్‌లో వర్జీనియా వేసిన 17 పాయింట్లలో 12 ఫ్రీ త్రోల మీద వచ్చాయి, పన్నెండుకు పన్నెండు. మ్యాచ్ మొత్తంలో 23కు 20.

మరుసటి ఏడాది చెప్పిన సాక్ష్యం

హంటర్ (నాలుగో పిక్), జెరోమ్ (24), గై (55) ముగ్గురూ 2019 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో వెళ్లిపోయారు. కాలేజీ త్రీ పాయింట్ గీత కూడా 20 అడుగుల 9 అంగుళాల నుంచి 22 అడుగుల 1¾ అంగుళాలకు జరిగింది. 2019–20లో డిఫెన్స్ మళ్లీ దేశంలో మొదటిది, సగటున 52.4 పాయింట్లే ఇచ్చింది. దాడి సగటు 57 దగ్గరే ఆగింది. 23–7తో నిలిచారు, కరోనాతో టోర్నీ రద్దయింది. డిఫెన్స్ పద్ధతిది, మనుషులు మారినా నిలిచింది. దాడి మాత్రం ఆ ముగ్గురిది. బెన్నెట్ 2024 అక్టోబర్‌లో తప్పుకునేదాకా ఈ అంతరం పూర్తిగా పూడలేదనే అంటాను.

మన కోర్టుల మీద వేయాలంటే

మన కాలేజీ, యూనివర్సిటీ పోటీలు ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల మీద సాగుతాయి. అందుకే ఉన్నదున్నట్టు దించుకుంటే కుదరదు.

గీత దూరం మొదటి సమస్య. 2019లో వర్జీనియా ఆడిన త్రీ గీత 6.32 మీటర్లు. ఊహా గీత 16 అడుగులు, అంటే 4.88 మీటర్లు. క్లోజౌట్ దూరం సుమారు 1.45 మీటర్లు. మన గీత 6.75, కాబట్టి అదే చోట నిలబడితే 1.87 మీటర్లు పరుగెత్తాలి. ఆ 40 సెంటీమీటర్లకే షూటర్ చేతులు లేస్తాయి. మంచి షూటర్‌ను కాసేవాణ్ని అర అడుగు నుంచి అడుగు దాకా బయటికి జరపండి, షూటర్ కానివాణ్ని కాసేవాడు పాత చోటే ఉండొచ్చు. సుద్దముక్కతో కోర్టు మీద ఆ వంపు నిజంగానే గీసి రెండు వారాలు సాధన చేయించండి, తర్వాత చెరిపేయండి. సిమెంట్ కోర్టు మీద, పాత బూట్లతో క్లోజౌట్ చిన్న అడుగులు జారతాయి. మొదటి రోజుల్లో సగం వేగంతో మొదలుపెట్టడం మేలు.

షాట్ క్లాక్ 24 సెకన్లు. ఎనిమిదిలోగా సగం గీత దాటాలి. మూవర్–బ్లాకర్ పూర్తి చుట్టు తిరగడానికి సమయం సరిపోదు. గడియారంలో 15 ఉండగానే మొదటి బాల్ స్క్రీన్ పడాలి, 8 దగ్గర రెండోది. మన టోర్నీల్లో షాట్ క్లాక్ బోర్డు లేని కోర్టులు ఇంకా ఉన్నాయి కాబట్టి బెంచ్ నుంచి ఒకరు గట్టిగా సెకన్లు అరవడం సాధనలోనే అలవాటు చేయాలి. అయితే కాచేవాళ్లకు 24 సెకన్లు లాభం. గార్డ్ కోర్టు పొడవునా ఒత్తిడి పెట్టి ఆరు సెకన్లు తింటే గీత నిలవాల్సింది 18 సెకన్లే.

ఆఖరి నిమిషాల నియమాలు కూడా వేరు. ఫిబాలో క్వార్టర్‌కు అయిదో జట్టు ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. వన్ అండ్ వన్ (మొదటిది పడితేనే రెండోది ఇచ్చే పద్ధతి) లేదు, కాబట్టి ఫౌల్ చేస్తే ఒకటి తప్పినా రెండోది మిగిలే ఉంటుంది. ఆఖరి రెండు నిమిషాల్లో బంతి మీదైతే టైమౌట్ తీసుకుని ముందు కోర్టులో ఇన్‌బౌండ్ పెట్టుకోవచ్చు. అమెరికా కాలేజీ పురుషుల ఆటలో ఈ వీలు లేదు. ఆ టైమౌట్‌ను మూడో క్వార్టర్‌లో కోపం మీద ఖర్చు పెట్టేసే కోచ్‌లను ప్రతి టోర్నీలోనూ చూడొచ్చు. ఫ్రీ త్రో వరసలో అక్కడ నలుగురు డిఫెండర్లు, ఇద్దరు దాడివైపు. ఇక్కడ ముగ్గురు, ఇద్దరు. అంటే తప్పిన ఫ్రీ త్రోను వెనక్కి తట్టే డియాకిటే పద్ధతికి మన నియమాలు ఇంకొంచెం అనుకూలం.

వారంలో రెండుసార్లు, సాధన చివర్న కాళ్లు అలిసిపోయాక, స్కోరు బోర్డు పెట్టి ఈ మూడు పరిస్థితులు ఆడించండి: మూడు వెనక, 20 సెకన్లు, బంతి మనది; రెండు వెనక, 2 సెకన్లు, పక్క గీత నుంచి ఇన్‌బౌండ్; మూడు ముందు, 6 సెకన్లు, ఎదుటివాడు రెండో ఫ్రీ త్రో కావాలని తప్పిస్తాడు. ఒక్కొక్కటి అయిదుసార్లు, రెండు వైపులా మార్చి. ప్రతిసారికీ ముందు ఇద్దరు చొప్పున రెండేసి ఫ్రీ త్రోలు వేయాలి. విశ్రాంతిగా నిలబడి వేసే యాభై కంటే ఆ నాలుగు ఎక్కువ పనిచేస్తాయి.

పెద్ద ఆటగాడు హెడ్జ్ చేసి వెనక్కి చేరలేకపోతే ఆ భాగం వదిలేసి, అతన్ని స్క్రీన్ వెనకే పెయింట్ అంచున నిలబెట్టండి. ఆరడుగుల నాలుగంగుళాల సెంటర్ ఒక్కడే ఉన్న జట్టులో అతనికి మూడో క్వార్టర్‌లోనే నాలుగో ఫౌల్ (అయిదైతే ఆట నుంచి బయటికే) పడితే ఆ మ్యాచ్‌లో మిగతా ఏర్పాట్లేవీ నిలవవు.